వంద మాటలకు మించకుండా

నవంబరు. సిరొంచ జూనియర్ కాలేజీ, నాలుగో పీరియడ్.
మేశ్రామ్ సార్ ఇంగ్లిష్ పాఠాన్ని మరాఠీలో చెప్తుంటే
నేను మనసులో తెలుగు చేసుకుంటున్న.
అమెరికాలో కోతలైనంక ఒక గురువారం
అందరూ ఇల్లు చేరి, చేతులు పట్టుకొని
ఎవరెవరికి రుణపడ్డరో చెప్పుకుంటరట.
బొమ్మల బల్ల నిండా ఒకటే కోడి.
మా తమ్ముడు చూసి
"ఈకలు పీకిన నెమలా అక్కా?" అన్నడు.

పాఠం చివర వాళ్ల వీరుల పేర్లు.
జెండాలు పట్టినోళ్లు, గుర్రాలెక్కినోళ్లు,
నడుమ చిన్న అచ్చుల ఒక నల్లని ఆడమనిషి:
చీకట్ల బానిసలను నడిపించి
సంకెల లేని గడ్డకు చేర్చిందట.
అక్కడ నా వేలు ఆగింది.

ఎందుకంటే
మా ముత్తవ్వ లసుమక్కకు ఒక దోనె ఉండేది.
ప్రాణహితకు ఇటు పక్క ఆగస్టుల వచ్చిన స్వాతంత్ర్యం
అటు పక్కకు ఈదడానికి పదమూడు నెలలు పట్టింది.
ఆ నడుమ నిజాం రాజ్యం నుంచి
మూటలతో, పిల్లలతో, ఒకసారి సూడి మేకతో
జనం రేవుకొచ్చి సన్నగ దగ్గేవాళ్లట.
దగ్గే గుర్తు.
ముత్తవ్వ దీపం లేకుండ పోయేది,
తెడ్డుకు గుడ్డ చుట్టి, నీళ్లు నిద్ర లేవకుండ.
ఎంతమందిని దాటించినవంటే
"చేపలను లెక్కపెడ్త గానీ
మనుషులనెట్ల లెక్కపెడ్త?" అనేదట.
పింఛనుకు సాక్ష్యం తెమ్మన్న గుమస్తాతో
"దాటినోళ్లను అడుగు.
మొహాలు నాకు తెల్వయ్, చీకటి" అన్నదట.
రాగిపత్రం రాలేదు.
ఆ తెడ్డు మీద ఇప్పుడు నా కాలేజీ చున్నీ ఆరుతుంది.

సార్‌ను ఒక్కటే అడిగిన:
"కొత్తగ వచ్చినోళ్లకు మక్కలు వేసుడు నేర్పినోళ్లు,
పక్కన కూసొని తిన్నోళ్లు,
తర్వాత వాళ్లేమైండ్రు సార్?"
సార్ సుద్దముక్కను రెండు చేసి
"సిలబస్‌లో లేదు" అన్నడు.
నా పక్కన తలాండి రైని,
అడవిల ఊరు, హాస్టల్ల మంచం,
ఆ మాటకు తలెత్తింది.
ఏమీ అనలేదు.
కిటికీ బయట ఎర్ర దుమ్ము లేపుకుంట పోతున్న లారీలను
మెల్లగ లెక్కపెట్టింది, మాడియాల,
మూడు దాక.

ప్రశ్న: నీవు ఎవరికి కృతజ్ఞురాలివి?
మా ఇంట్ల ఆ మాట లేదు.
సొంతోళ్లకు థాంక్స్ అంటే
కిరాణ కొట్ల ఖాతా కొట్టేసినట్టు,
ఇగ నీకు నాకు ఏం లేదన్నట్టు.
మేం బాకీ ఉంచుకుంటం.
చుట్టరికమంటే అదే.

ఎనభై రెండు మాటలు రాసిన.
పదికి ఆరు.
ఎర్ర సిరాతో సార్ రాత:
"వీరుల గురించి రాస్తే ఆధారం చూపాలి."

అమ్మ అటు ఒడ్డుకే పత్తి ఏరబోయింది.
ఇప్పుడు వంతెన ఉంది, ఆటోకు ముప్పై రూపాయలు,
ఎవరూ దగ్గే పని లేదు.
పొద్దుగూకినంక వచ్చింది,
వేళ్ల కొసలు గీరుకపోయి,
కొంగున ఎవరో కట్టిచ్చిన బొబ్బర్లతో.
కొత్త బియ్యం కదా, అన్నం ముద్దముద్దయింది.
తమ్ముడు నెమలికూర కావాలని పేచీ.
అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకొని
కొబ్బరినూనె రాస్తుంటే
"ఏందే, పరీక్ష పోయిందా?" అన్నది అనుమానంగ.

లేదన్న.
మిగిలిన పద్దెనిమిది మాటలు
ఇంక నా దగ్గరే ఉన్నయ్.
రేపు రైనిని అడుగుత,
మూడు తర్వాత నాలుగును
వాళ్ల భాషల ఏమంటరో.